కడలి గర్భంలో కురుసుర

పాఠ్య పరిచయం

పక్షివలె ఆకాశంలో విహరించాలని ఆశించిన మానవుడు చేపవలె సముద్రగర్భంలో సంచరించాలని కూడ ఆశించాడు. ఆ ఆశకు రూపమే జలాంతర్గామి. విశాఖపట్నం తీరాన ప్రదర్శనశాలగా నిలిచిన ‘ఐ.ఎన్.ఎస్. కురుసుర’ ఏ నమూనాను అనుసరించి నిర్మితమైందో, ఆ నమూనా ఏయే దేశాల నౌకాదళాలకు చేరిందో, దాని చరిత్ర మనకు ఏమి బోధిస్తున్నదో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

నేటి మంచిర్యాల జిల్లాలోని చెన్నూరు వద్ద గోదావరి ఉత్తరాభిముఖంగా ప్రవహిస్తుంది. ఆ ఒడ్డున నిలిచి చూచే విద్యార్థికి సముద్రం ఎంతో దూరపు విషయంగా తోస్తుంది. కాని, ఆ నీరు తుదకు చేరేది బంగాళాఖాతాన్నే. అదే బంగాళాఖాతపు టొడ్డున, విశాఖపట్నంలో, మన జలాంతర్గామి నావికులకు శిక్షణ నిచ్చే కేంద్రానికి ‘ఐ.ఎన్.ఎస్. శాతవాహన’ అని పేరు. చెన్నూరుకు ఎగువన గోదావరి తీరంలోనే ఉన్న కోటిలింగాల తొలి శాతవాహనుల నాణేలు లభించిన చోటు. ఓడ బొమ్మతో నాణేలు ముద్రించిన ఆ రాజవంశం పేరును సముద్రగర్భ విద్య నేర్పే కేంద్రానికి పెట్టడం ఎంతో సముచితం. కాబట్టి సముద్రం కథ మనకు పరాయి కథ కాదు.

ఈ ప్రాంత విద్యార్థులకు జలాంతర్గామిలోని జీవితం ఊహించడం కూడ అంత కష్టం కాదు. మందమర్రి, శ్రీరాంపూర్ ప్రాంతాల బొగ్గుబావులలోకి దిగే కార్మికులను వారు ఎరుగుదురు. సూర్యకాంతి చొరని చోట, యంత్రాలు పంపే గాలిని పీలుస్తూ, పక్కనున్న వాని జాగరూకతను నమ్ముకొని పనిచేయడం ఎటువంటిదో ఆ ఇండ్లలోని వారికి తెలుసు. ఒక్కడు ఏమరుపాటు చెందితే అందరికీ ప్రాణాపాయమే. జలాంతర్గామిలోని నావికుని స్థితి కూడ అదే. భేదమంతా ఒక్కటే: గని కార్మికుడు షిఫ్టు ముగియగానే పైకి వస్తాడు, నావికుడు వారాల తరబడి ఆ ఉక్కు గదిలోనే ఉండిపోతాడు.

జలాంతర్గామి నీటిలో మునగడానికీ తేలడానికీ కారణమైన సూత్రం సులభమైనదే. దాని శరీరానికి ఆనుకొని పెద్ద పెద్ద తొట్లు ఉంటాయి. వాటిలోకి సముద్రజలాన్ని వదలితే నౌక బరువెక్కి మునుగుతుంది. అధిక పీడనంలో నిలువచేసిన గాలిని ఆ తొట్లలోకి పంపి నీటిని వెలుపలికి నెట్టివేస్తే తేలికపడి పైకి వస్తుంది. అసలు చిక్కు నడిపించే శక్తిని సమకూర్చడంలో ఉన్నది. పెట్రోలు ఇంజనుకైనా, డీజిల్ ఇంజనుకైనా గాలి కావాలి. నీటి అడుగున గాలి లేదు. అందువల్ల ఉపరితలం మీద ఇంజను నడిపి, ఆ శక్తితో బ్యాటరీలు నింపుకొని, మునిగిన తరువాత ఆ బ్యాటరీలతో విద్యున్మోటార్లను నడపాలి. ఈ రెండు శక్తుల పొందికను సఫలంగా సాధించిన తొలి శిల్పులలో అగ్రగణ్యుడు జాన్ ఫిలిప్ హాలండ్.

హాలండ్ 1841లో ఐర్లాండ్‌లో జన్మించాడు. ఆయన వృత్తిచేత బడిపంతులు. అమెరికాకు వలస వెళ్లిన తరువాత కూడ కొంతకాలం పాఠాలు చెబుతూనే జలాంతర్గాముల నిర్మాణానికై పాటుపడ్డాడు. అనేక వైఫల్యాల అనంతరం ఆయన రూపొందించిన ఆరవ నౌక 1897 మే 17న జలప్రవేశం చేసింది. దాని పొడవు పదహారు మీటర్లకు మించి కొద్దిగా మాత్రమే. 1900 ఏప్రిల్ 11న అమెరికా నౌకాదళం దానిని కొనుగోలు చేసింది. మరుసటి సంవత్సరమే బ్రిటన్ అదే నమూనాతో తన తొలి జలాంతర్గామిని నిర్మించుకొన్నది. నెదర్లాండ్స్ నౌకాదళపు మొదటి జలాంతర్గామి కూడ హాలండ్ నమూనాయే. 1904, 1905 సంవత్సరాలలో రష్యా, జపాన్ పరస్పరం యుద్ధం చేస్తున్న కాలంలో ఆ రెండు దేశాలూ ఇదే వంశపు నౌకలను సంపాదించాయి. అమ్మకానికి వచ్చిన నమూనాకు శత్రుమిత్ర భేదం లేదు. ఆయుధం ఎవరి చేతిలో ఉంటే వారి మాటే వింటుంది.

అటువంటి ఒక నౌకకు సంబంధించిన విషాద ఘట్టం జపాన్ చరిత్రలో నిలిచిపోయింది. హాలండ్ నమూనా ననుసరించి జపాన్‌లోనే నిర్మించిన ఆరవ సంఖ్య గల జలాంతర్గామి 1910 ఏప్రిల్ 15న అభ్యాస సమయంలో మునిగి, తిరిగి పైకి రాలేకపోయింది. అందులోని పద్నాలుగు మందీ మరణించారు. నౌకాధిపతి సకుమా త్సుతోము గాలి తరిగిపోతూ ఉండగా, మసక వెలుతురులో, ప్రమాద కారణాలను వివరంగా వ్రాసిపెట్టాడు. తన సహచరుల కుటుంబాలను ఆదుకోవలసిందని కోరాడు. ఈ ప్రమాదం కారణంగా జలాంతర్గాముల అభివృద్ధి ఆగిపోరాదని అభ్యర్థించాడు. నౌకను వెలికితీసినప్పుడు నావికులు తుదిక్షణం వరకు తమ విధులలోనే ఉన్నట్లు కనిపించింది. ద్వారం వద్ద తొక్కిసలాట జరిగిన జాడ లేదు. ఉక్కు ఓడిపోయిన చోట కూడ మనిషి నిగ్రహం ఓడిపోలేదని ఈ సంఘటన చాటింది.

రెండు ప్రపంచ యుద్ధాలు జలాంతర్గామికి భయంకరమైన కీర్తిని తెచ్చిపెట్టాయి. ద్వితీయ ప్రపంచ యుద్ధానంతరం సోవియట్ యూనియన్ సుదూర సముద్రాలలో సంచరించగల డీజిల్ జలాంతర్గాములను నిర్మించ తలపెట్టింది. ఆ ప్రయత్నంలో 1957లో ప్రారంభమైన నమూనాకు ‘ప్రాజెక్టు 641’ అని సంఖ్య ఇచ్చారు. పాశ్చాత్య దేశాలవారు దానిని ‘ఫాక్స్‌ట్రాట్’ అనే సంకేతనామంతో వ్యవహరించారు. లెనిన్‌గ్రాడ్ నౌకానిర్మాణ కేంద్రాలలో ఇవి రూపుదిద్దుకొన్నాయి.

ఈ నౌక పొడవు 91.3 మీటర్లు, వెడల్పు సుమారు 7.5 మీటర్లు. నీటిపై ఉన్నప్పుడు దాదాపు 1,950 టన్నులు, మునిగినప్పుడు 2,475 టన్నుల నీటిని తొలగిస్తుంది. మూడు డీజిల్ ఇంజన్లు, మూడు విద్యున్మోటార్లు, మూడు చోదక చక్రాలు దీనికి ఉంటాయి. ముందు భాగంలో ఆరు, వెనుక భాగంలో నాలుగు చొప్పున పది టార్పెడో గొట్టాలు ఉంటాయి. మొత్తం 22 టార్పెడోలను మోయగలదు. సుమారు 75 మంది సిబ్బంది ఏడు గదులలో పనిచేస్తారు. ఒక గదిలోకి నీరు ప్రవేశిస్తే తక్కిన గదులను కాపాడడానికి మధ్యనున్న గుండ్రని ఇనుప ద్వారాలను మూసివేస్తారు. మూసిన తలుపుకు ఆవల ఆప్తమిత్రుడున్నా దానిని తెరువరాదు. ఇటువంటి కఠోర నియమాన్ని అంగీకరించినవారే ఆ నౌకలో అడుగుపెట్టగలరు.

సోవియట్ నౌకాదళం కొరకు 58, ఇతర దేశాల కొరకు 17, మొత్తం 75 నౌకలు ఈ నమూనాపై నిర్మితమైనాయి. ఎగుమతి అయిన వాటిలో భారతదేశానికి ఎనిమిది, లిబియాకు ఆరు, క్యూబాకు మూడు లభించాయి. సోవియట్ నౌకాదళం వాడిన వాటిలో రెండు తరువాత పోలెండ్‌కు చేరాయి. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిదప ఒకటి ఉక్రెయిన్ వశమైంది. ఈ విధంగా ఒకే నమూనా పలు దేశాల జెండాల క్రింద పనిచేసింది.

మన దేశానికి ఈ నౌకలు రావడానికి ముందే ఈ నమూనా ప్రపంచ చరిత్రలో ఒక భయానక సన్నివేశానికి రంగస్థల మైంది. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు ఉన్నాయన్న కారణంగా అమెరికా ఆ దీవిని నౌకలతో దిగ్బంధించింది. అంతకుముందే సోవియట్ యూనియన్ నాలుగు ఫాక్స్‌ట్రాట్ జలాంతర్గాములను ఆ దిశగా పంపింది. ఒక్కొక్క దానిలో మామూలు టార్పెడోలతో పాటు అణ్వస్త్రం అమర్చిన టార్పెడో ఒకటి ఉన్నది. ఆ సంగతి అమెరికన్లకు తెలియదు. ఉత్తరాది చలి సముద్రాలకు తగినట్లు నిర్మించిన ఆ నౌకలు ఉష్ణమండల జలాలలోకి రాగానే లోపలి వేడి 45 డిగ్రీలు దాటింది. త్రాగునీరు కొలిచి పంచవలసి వచ్చింది. బ్యాటరీలు నీరసించాయి. గాలి బరువెక్కింది. నావికులు సొమ్మసిల్లి పడిపోసాగారు.

అక్టోబరు 27న ‘బి-59’ అనే నౌకను అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టాయి. దానిని పైకి రప్పించడానికి సంకేతంగా చిన్న అభ్యాస బాంబులను నీటిలో వేశాయి. లోపలివారికి అవి సంకేతాలుగా తోచలేదు. మాస్కోతో సంబంధం తెగిపోయింది. పైన యుద్ధం మొదలైందో లేదో తెలుసుకొనే దారి లేదు. ఆ నౌకలో ఉన్న వదీం ఓర్లోవ్ అనే అధికారి తరువాతి కాలంలో చెప్పిన కథనం ప్రకారం, నౌకాధిపతి సావిత్‌స్కీ సహనం కోల్పోయి అణు టార్పెడోను సిద్ధం చేయవలసిందిగా ఆజ్ఞాపించాడు. అదే నౌకలో ప్రయాణిస్తున్న దళాధికారి వసీలి అర్హీపోవ్ ఆయనను శాంతింపజేశాడు. టార్పెడో ప్రయోగం జరుగలేదు. నౌక ఉపరితలానికి వచ్చింది. ఆ ఒక్క ఆయుధం పేలి ఉంటే ప్రతీకారం ఎక్కడ ఆగేదో ఊహించడం కష్టం. ఈ వృత్తాంతం ఘటన జరిగిన నలభై ఏండ్లకు, 2002లో హవానాలో జరిగిన సదస్సు సందర్భంగా లోకానికి విస్తృతంగా తెలిసింది. అప్పటికి అర్హీపోవ్ మరణించి నాలుగేండ్లు గడిచాయి.

‘ఆలస్యం అమృతం విషం’ అన్నది మన సామెత. ‘నిదానమే ప్రధానం’ అన్నదీ మన సామెతే. ఏ సమయానికి ఏది వర్తిస్తుందో ఎరుగుటయే వివేకం. ఆనాడు కడలి అడుగున ఒక మనిషి రెండవ దానిని ఎంచుకొన్నాడు.

మన నౌకాదళానికి 1965 నాటికి స్వంత జలాంతర్గామి లేదు. ఆ సంవత్సరం సెప్టెంబరులో సోవియట్ యూనియన్‌తో నాలుగు నౌకలకై ఒప్పందం కుదిరింది. మన నావికులు ఆ దేశానికి వెళ్లి, రష్యన్ భాష నేర్చుకొని, యంత్రవిద్యను అభ్యసించారు. 1967 డిసెంబరు 8న రీగా నగరంలో తొలి నౌక ‘ఐ.ఎన్.ఎస్. కల్వరి’ మన నౌకాదళంలో చేరింది. దాని అధిపతి కమాండర్ కె.ఎస్. సుబ్రమణియన్. అందుకే ప్రతి సంవత్సరం డిసెంబరు 8ని మన నౌకాదళం ‘జలాంతర్గామి దినోత్సవం’గా జరుపుకొంటుంది. 1967 నాటి అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధం వలన సుయెజ్ కాలువ మూతపడినందున, కల్వరి ఆఫ్రికా ఖండాన్ని చుట్టి 1968 జూలైలో విశాఖపట్నం చేరుకొన్నది. దాని వెనుక ఖండేరి, కరంజ్ వచ్చాయి. 1969 డిసెంబరు 18న నాలుగవదిగా కురుసుర నౌకాదళ ప్రవేశం చేసింది. అనంతరం 1973, 1974 సంవత్సరాలలో వేలా, వాగీర్, వాగ్లీ, వాగ్‌షీర్ అనే మరి నాలుగు నౌకలు చేరాయి. 1971 మే నెలలో విశాఖపట్నంలో ‘ఐ.ఎన్.ఎస్. వీరబాహు’ అనే జలాంతర్గామి స్థావరం వెలసింది.

ఆ సంవత్సరాంతంలోనే భారత పాకిస్తాన్ యుద్ధం సంభవించింది. కురుసుర అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఎదుట కనిపించిన నౌక శత్రువుదేనని నిస్సందేహంగా రూఢి అయితే తప్ప దాడి చేయరాదని దానికి కఠిన నియమం ఉన్నది. వాణిజ్య నౌకలూ, తటస్థ దేశాల నౌకలూ అదే దారిలో పోతుంటాయి. పెరిస్కోప్‌లో కనిపించే నీడ ఎవరిదో తేల్చుకోవడం సులభం కాదు. కురుసుర ఒక్క టార్పెడోనైనా ప్రయోగించకుండా తిరిగివచ్చింది. చేతిలో ఆయుధం ఉండి కూడ సందేహం తీరనంత వరకు దానిని ప్రయోగించకపోవడం పిరికితనం కాదు. అది సైనికధర్మంలో భాగం.

అయితే జలాంతర్గామి ఎంత ప్రమాదకారియో ఆ యుద్ధమే రెండువిధాల నిరూపించింది. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖపట్నం రేవు సమీపంలో మునిగిపోయింది. అది అమెరికాలో నిర్మితమై పాకిస్తాన్‌కు చేరిన నౌక. మన ‘ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్’ ప్రయోగించిన జలగర్భ బాంబులే అందుకు కారణమని భారత నౌకాదళం చెప్పింది. తాను అమర్చుతున్న మందుపాతరలే పేలి మునిగినదని పాకిస్తాన్ పేర్కొన్నది. కారణమేదైనా అందులోని వారెవరూ బ్రతుకలేదు. డిసెంబరు 9న గుజరాత్ తీరంలో డయ్యూ సమీపాన, ఫ్రాన్స్‌లో నిర్మితమైన పాకిస్తాన్ జలాంతర్గామి ‘హంగోర్’ మన యుద్ధనౌక ‘ఖుక్రీ’ని ముంచివేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు వీరమరణం పొందారు. ఖుక్రీ అధిపతి కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడువక దానితోపాటే మునిగిపోయాడు. రష్యా, అమెరికా, ఫ్రాన్స్ దేశాల శిల్పం మన సముద్రాలలో తారసపడిన యుద్ధం అది. తల్లుల శోకానికి మాత్రం దేశభేదం లేదు.

కురుసుర 31 సంవత్సరాలు సేవచేసి, 73,500 నాటికల్ మైళ్లు, అనగా లక్షా ముప్పై ఆరు వేల కిలోమీటర్లు ప్రయాణించింది. భూగోళాన్ని మూడుసార్లు చుట్టివచ్చినదానికంటె అది అధికం. 2001 ఫిబ్రవరి 27న దానికి విశ్రాంతి నిచ్చారు. సాధారణంగా వయస్సు తీరిన నౌకను ముక్కలు చేసి ఇనుముగా అమ్మివేస్తారు. కురుసురకు ఆ గతి పట్టలేదు. దానిని ఒడ్డుకు లాగి, విశాఖపట్నంలోని రామకృష్ణా బీచ్‌లో నిలబెట్టారు. 2002 ఆగస్టు 9న నాటి ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు దానిని జాతికి అంకితం చేశారు. ఆ నెల 24 నుండి ప్రజలకు ప్రవేశం కల్పించారు. అర్హీపోవ్ కథ హవానాలో వెల్లడైన 2002వ సంవత్సరంలోనే, అదే నమూనా నౌక ఒకటి విశాఖలో పిల్లలకు తలుపులు తెరవడం కాకతాళీయమే అయినా గమనింపదగినది.

నేడు ఆ ప్రదర్శనశాలలో ప్రవేశించినవారు వంగి వంగి గుండ్రని ద్వారాల గుండా ఒక గది నుండి మరొక గదికి సాగుతారు. విశ్రాంత నావికులు వారికి వివరాలు చెబుతారు. మనిషి ఒదిగి పడుకొనే ఇరుకు మంచాలు, ఒకరిద్దరు మాత్రమే నిలువగల వంటగది, గోడల నిండా అల్లుకొన్న గొట్టాలు, లెక్కకు మిక్కిలి మరలు చూచినప్పుడు, ఇక్కడ 75 మంది వారాల తరబడి ఎట్లా జీవించారన్న ప్రశ్న ప్రతివారికీ కలుగుతుంది. ముందుగదిలో టార్పెడో గొట్టాల ఎదుట నిలిచినప్పుడు మాత్రం మరొక ప్రశ్న కలగాలి. వేడిలో, చీకటిలో, ఏ వార్తా అందని ఒంటరితనంలో, మీటపై చేయి ఉన్న మనిషి ఏమి ఆలోచించాలి?

భారతదేశంలో ఈ నమూనాకు చెందిన చివరి నౌక వాగ్లీ 2010 డిసెంబరులో సేవనుండి తొలగింది. వాటిలో పలు నౌకల పేర్లు మాత్రం అంతరించలేదు. ఫ్రెంచి నమూనాతో ముంబయిలో నిర్మించిన కొత్త జలాంతర్గాములకు కల్వరి, ఖండేరి, కరంజ్, వేలా, వాగీర్, వాగ్‌షీర్ అని పాత పేర్లే పెట్టారు. కొత్త కల్వరి 2017లోను, వాగ్‌షీర్ 2025 జనవరిలోను నౌకాదళంలో చేరాయి. 2009లో విశాఖపట్నంలోనే మన తొలి అణుశక్తి జలాంతర్గామి ‘అరిహంత్’ జలప్రవేశం చేసింది.

ఒక బడిపంతులు స్వప్నంగా మొదలైన నౌక ఒకటిన్నర శతాబ్దంలోపే ప్రపంచాన్ని కాల్చివేయగల శక్తిని సంతరించుకొన్నది. నమూనాలను కొనవచ్చు, అమ్మవచ్చు, అనుకరించవచ్చు. సకుమా ధైర్యాన్ని, అర్హీపోవ్ నిదానాన్ని, కురుసుర నావికుల సంయమనాన్ని ఏ దేశమూ కొనుక్కోలేదు. వాటిని ప్రతి తరమూ తనంతట తానే అలవరచుకోవాలి. బలం కలవానికి నిగ్రహమే కవచం. కడలి గర్భంలో నేర్చిన ఈ పాఠం నేలమీద నివసించే మనకు కూడ వర్తిస్తుంది.

పదాలు - అర్థాలు

ఉత్తరాభిముఖంగా = ఉత్తర దిక్కుకు ముఖం పెట్టి
ఏమరుపాటు = అజాగ్రత్త
అగ్రగణ్యుడు = ముందుగా లెక్కింపదగినవాడు
దిగ్బంధించు = అన్ని వైపుల నుండి దారులు మూయు
రూఢి అగు = నిశ్చయమగు
తటస్థ = ఏ పక్షంలోను చేరని
సంయమనం = తన్ను తాను అదుపులో ఉంచుకొనుట
కాకతాళీయం = అనుకోకుండా జరిగినది

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ‘ఫాక్స్‌ట్రాట్’ నమూనా జలాంతర్గామి నిర్మాణాన్ని, అది వివిధ దేశాలకు చేరిన క్రమాన్ని వివరించండి.
2. ‘బలం కలవానికి నిగ్రహమే కవచం’ అన్న మాటను పాఠంలోని సంఘటనల ఆధారంగా సమర్థించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. జలాంతర్గామి ఎట్లా మునుగుతుంది? ఎట్లా తేలుతుంది?
2. గని కార్మికునికీ జలాంతర్గామి నావికునికీ గల పోలికలను, భేదాన్ని తెలుపండి.
3. కల్వరి ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసిన అవసరం ఎందుకు కలిగింది?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. ఆయుధం ఎవరి చేతిలో ఉంటే వారి మాటే వింటుంది.
2. తల్లుల శోకానికి మాత్రం దేశభేదం లేదు.

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జలాంతర్గామి దినోత్సవాన్ని ఏ తేదీన జరుపుకొంటారు?
2. కురుసుర ఎన్ని సంవత్సరాలు సేవచేసింది?
3. ‘బి-59’ నౌకలో అధిపతిని శాంతింపజేసిన అధికారి ఎవరు?

ఉ) క్రింది పదాలను విడదీసి సంధుల పేర్లు వ్రాయండి
జలాంతర్గామి, ప్రాణాపాయం, అణ్వస్త్రం, దినోత్సవం

ఊ) ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలో విశ్రాంతి పొందిన ఒక సైనికునితో గాని, గని కార్మికునితో గాని మాట్లాడి, ప్రమాద సమయంలో పాటించవలసిన నియమాలను గురించి ఒక పుటకు మించకుండా వ్రాయండి.